జీస్ బెండు బొంతలు

నా కుమార్తె అమెరికా దేశమున అట్లాంటా నగరములో కాపురమున్నది. 2023వ సంవత్సరమున నేను ఆరు మాసములు ఆమె యింట నుంటిని. పరదేశమునకు పోయిన తల్లులకు పగటిపూట ఎట్లు గడచునో అనుభవించిన సోదరీమణులకు వేరుగ చెప్పనక్కరలేదు. అల్లుడును అమ్మాయియు ఉద్యోగములకు, మనుమరాలు బడికి పోవుదురు. ఇంట మిగులునది మనమును, గోడ గడియారమును. నా విసుగు కనిపెట్టి యొక ఆదివారము మా అమ్మాయి నన్ను ఆ నగరమందలి హై మ్యూజియమునకు తీసికొనిపోయెను. బొమ్మలును, నూనెరంగుల పటములును చూచి చూచి కాళ్లు నొచ్చి ఒక గదిలో బల్లపై కూర్చుంటిని. ఎదుటి గోడకు ఒక బొంత వ్రేలాడుచుండెను!

బొంతయే, సందేహము లేదు. పాత పంట్లాముల గుడ్డ, వెలిసిన చొక్కాల గుడ్డ పట్టెలుగా చింపి అతికి కుట్టిన బొంత. పంట్లాము మోకాలికడ అతుకు ఊడదీసినచోట ముదురు నీలము మచ్చగా మిగిలియున్నది. అట్టి దానిపై దీపకాంతి పడునట్లు అమర్చిరి. ఎవరును చేయి తగిలింపకుండ కట్టడి చేసిరి. కుట్టిన యామె పేరు అచ్చువేసి ప్రక్కన అతికించిరి. "ఏమే, మన యటుకమీది బొంతలు తెచ్చినచో వీరు గోడకు పెట్టుదురా?" యని నేను పరిహాసమాడితిని. అమ్మాయి నవ్వి, "అమ్మా, ఇవి కుట్టు ఊరు ఇచ్చటికి కారులో నాలుగైదు గంటల దారి. ఇప్పటికిని కుట్టుచున్నారు, అమ్ముచున్నారు కూడ" అనెను.

తిరిగి వచ్చులోపల మనుమరాలికి నా చేతిమీదుగా ఏదైన నొక వస్తువు ఇచ్చిపోవలెనని నాకు కోరికగా నుండెను. బంగారము ఇచ్చినచో బ్యాంకు పెట్టెలో పడియుండును. కప్పుకొను వస్తువైనచో ఒంటినంటియుండును గదా యని తోచినది. బొంత కొనుటకు నిశ్చయించుకొంటిని. వెల యెంత యుండునని అమ్మాయిని అడుగలేదు. బొంతకు వెల యేమి?

మన తెలుగునాట బొంతకు గౌరవము తక్కువ. సామెతలలో సైతము దానికి గంత జోడు తప్ప వేరొకటి దక్కలేదు. కాని తల్లి కట్టి విడిచిన నేతచీరలు నాలుగు మడతలుగా పరచి, అంచులు త్రిప్పి, సన్నని కుట్లతో బిగించిన బొంతకన్న మెత్తనిది పురిటిబిడ్డ క్రిందికి మరియొకటి లేదు. ఉతికినకొలది మెత్తనగును. మా కృష్ణాజిల్లా పల్లెలలో నా చిన్ననాట వేసవిలో బొంతలు కుట్టువారు ఇంటింటికి వచ్చి, అరుగుపై కూర్చుండి పని చేయువారు. బియ్యమో, పాతచీరయో, నాలుగు రూపాయలో పుచ్చుకొని పోవువారు. ఆ బేరము ఆడువారి చేతిలోనిదే. మగవారు దానిలో కలుగజేసికొనరు. అది చిన్న విషయమని వారి భావము.

అక్టోబరు కడపట ఒక శనివారము, మనుమరాలిని అల్లునికి ఒప్పగించి, తెల్లవారుజామున బయలుదేరితిమి. జార్జియా రాష్ట్రము దాటి అలబామాలో ప్రవేశించి, మాంట్‌గామరీ మీదుగా సెల్మా చేరునప్పటికి ఎండ యెక్కెను. 1965 మార్చి 7వ తేదీన, ఓటుహక్కుకై కాలినడకన బయలుదేరిన నల్లజాతివారిని పోలీసులు కొట్టిన వంతెన ఈ సెల్మాలోనిదే. కారు ఆపి వంతెనపై కొంచెము దూరము నడిచి వచ్చితిమి. అచ్చటినుండి నేల మారినది. ఆ ప్రాంతమును బ్లాక్ బెల్ట్ అందురు; మన రేగడి వలె నల్లనైన సారవంతపు నేలనుబట్టి వచ్చిన పేరు. అచ్చటచ్చట కోతకు వచ్చిన ప్రత్తిచేలు తెల్లగా కనబడుచుండెను. గుంటూరు ప్రక్కన పోవుచున్నట్లే యుండెను గాని, చేలలో మనుష్యులెవ్వరును లేరు. యంత్రమొకటి తిరుగుచుండెను.

కామ్‌డెన్ అను చిన్నపట్టణముకడ అలబామా నది దాటవలెను. జీస్ బెండు గ్రామమును ఆ నది మూడువైపుల చుట్టుకొని పారును. బెండు అనగా వంపు. ఆవలి యొడ్డు కంటికి కనబడుచునే యుండును. పడవలో ఇంచుమించు పావుగంట ప్రయాణము. పడవ అనగా కార్లను సైతము ఎక్కించుకొను బల్లకట్టు వంటిది. 2019 నుండి విద్యుచ్ఛక్తితో నడుచుచున్నది. కాని ఈ పడవకు ఒక కథ కలదు. 1960 ప్రాంతముల జీస్ బెండు నల్లజాతివారు ఓటర్లుగా నమోదగుటకై కామ్‌డెన్ కచేరీకి రాసాగిరి. 1962లో పడవ నిలిచిపోయెను. కచేరి, దుకాణములు, వైద్యుడు అన్నియు ఏటికావలనే. నీటిమీద కూతవేటు దూరము, రోడ్డు వెంట చుట్టు తిరిగిన దాదాపు నలువది మైళ్లు. మరల పడవ నడిచినది 2006లో. నలుబదినాలుగేండ్లు! పడవ అంచున నిలిచి ఆ ప్రశాంతమైన నీటిని చూచుచు ఈ సంగతి విన్నప్పుడు నాకు నోట మాట రాలేదు.

ఊరనగా మన పల్లెవలె ఇండ్లు ఒకదానినొకటి ఆనుకొని యుండవు. పొడుగాటి రోడ్డు, దూరదూరముగా ఇండ్లు, చర్చీలు, పైన్ చెట్లు. దారిపొడవున బొంతల నమూనాలు పెద్ద పలకలపై రంగులతో చిత్రించి నిలువబెట్టిరి. 1816లో జోసెఫ్ గీ అను నతడు ఇచ్చట ప్రత్తి తోట వేసెను. ఊరి పేరు అతనిదే. 1845లో అది మార్క్ పెట్‌వే వశమయ్యెను. అతడు తన బానిసలను ఉత్తర కరోలినా నుండి ఇచ్చటికి కాలినడకన నడిపించుకొని వచ్చెనట. నేటికిని ఊరిలో అనేకుల యింటిపేరు పెట్‌వే యే. యజమాని పేరు మిగిలినది; అతని ధనముతో వీరికి సంబంధము లేదు. 1949 నుండి ప్రభుత్వపు లెక్కలలో ఈ యూరి పేరు బాయ్‌కిన్ అని యున్నను ఎవరును అట్లు పిలువరు.

బానిసత్వము పోయిన పిదప కౌలుదారులైరి, అప్పులపాలైరి. 1932లో వారికి అప్పిచ్చు వర్తకుడు మరణింపగా, అతని భార్య బాకీక్రింద వారి పశువులను, పనిముట్లను, తిండిగింజలను సైతము తోలించుకొనిపోయెను. ఆ చలికాలము ఆకలితో గడపిరి. తరువాత 1930ల కడపట ప్రభుత్వము ఆ తోటను కొని, ఇండ్లు కట్టించి, క్రమముగా నేలను వారికే అమ్మెను. తమ నేల తమదగుటచేతనే తరువాతి కాలమున ఓటు అడిగినందులకు వీరిలో పెక్కురను ఎవరును వెళ్లగొట్టలేకపోయిరి.

ఇట్టి యూరిలో బొంత సొగసుకై పుట్టినది కాదు. చెక్కల సందులనుండి గాలి దూరు గుడిసెలలో గోడలకు పత్రికల కాగితములు అంటించి, బొంతలపై బొంతలు కప్పుకొని పిల్లలను పెంచిరి. చినిగిన పని దుస్తులు, పిండిసంచులు, ఎరువుల సంచులు, ఏది దొరకిన అది కత్తిరించిరి. నడుమ పరచు దూది ప్రత్తిమిల్లు నేలపై రాలినది ఏరి తెచ్చి కఱ్ఱలతో కొట్టి శుభ్రపరచినది. 1942లో మిస్సోరీ పెట్‌వే అను నామె మరణించిన తన భర్త పని దుస్తులను కత్తిరించి, ఆయన జ్ఞాపకము కప్పుకొని పడుకొనుటకై ఒక బొంత కుట్టుకొనెను. ఆమె కూతురు ఆర్లోంజియా అప్పుడు తల్లికి సాయము చేసి, తాను ముసలిదైన పిమ్మట ఆ కథను లోకమునకు చెప్పెను. ఆ బొంత నేడు వాషింగ్టనులోని జాతీయ చిత్రశాల యధీనమున నున్నది. చదరములో చదరముగా పెరుగు నమూనాను వీరు ఇంటికప్పు అందురు; ఎవరి మనసుకు తోచినట్లు వారు కుట్టినదానికి 'నా దారి' యని పేరు. ఆ రెండవ పేరు నాకు మిక్కిలి నచ్చినది.

పడవలో పరిచయమైన యొకామె మమ్మొక యింటికి పంపెను. ఆ యింటి వృద్ధురాలికి డెబ్బదియైదేండ్లుండును. మమ్ము వసారాలో కూర్చుండబెట్టి, నిమ్మరసము కలిపిన తీపి తేనీరు ఇచ్చి, పెరటి తీగపై నాలుగు బొంతలు ఆరవేసెను. వానిలో ఒకటి నన్నాకర్షించినది. ముదురు నీలపు జీను గుడ్డ, బూడిదరంగు, నడుమ కొంచెము ప్రక్కకు తొలగి యెఱ్ఱని పట్టె. ఆ యెఱుపు సరిగ మధ్యనుండినచో ఏమియు లేకపోయెడిది. నేను దగ్గరకు పోయి అడుగు పొర త్రిప్పి చూచితిని. కుట్లు మన చీరబొంతల కుట్లవలె చిన్నవి కావు గాని, వరుస తప్పలేదు. వెల అడుగుమంటిని. 1,800 డాలర్లు అనెను.

నేను మనసులో రూపాయలు కట్టితిని. లక్షన్నరకు కొంచెము తక్కువ! మూడు కాసుల బంగారము వచ్చును. "అయ్యయ్యో, పాతగుడ్డల బొంతకు ఇంత వెలయా! వేయికి ఇచ్చునేమో అడుగవే" యని తెలుగున అంటిని. అమ్మాయి ముఖము ఎఱ్ఱబారెను. "అమ్మా, ఊరకుండవే!" అనెను. ఆ వృద్ధురాలు మా యిద్దరిని చూచి నవ్వి, "మీ అమ్మగారి మాటకు తర్జుమా అక్కరలేదు. ఆ ముఖము ఏ భాషలోనైనను ఒక్కటియే" అని, లోపలికి పోయి ఒక నోటుపుస్తకము తెచ్చి నా ఒడిలో పెట్టెను.

ప్రతి బొంతకును అందులో ఒక పుట. గుడ్డలు ఊడదీసి, కత్తిరించి, రంగులు జతపరచుటకు 18 గంటలు. పై పొర అతుకుటకు 62 గంటలు. మూడు పొరలు కూర్చి చట్రమునకు బిగించుటకు 10 గంటలు. బొంతయంతట కుట్లు వేయుటకు 120 గంటలు. అంచు మడచి కుట్టుటకు 10 గంటలు. మొత్తము 220. అడుగు గుడ్డకు, దూదికి, దారమునకు 140 డాలర్లు. నేను కళ్లజోడు సవరించుకొని కాగితముపై లెక్కకట్టితిని. 1,800లో 140 తీసివేయగా 1,660. దానిని 220 గంటలకు పంచగా గంటకు 7 డాలర్ల 54 సెంట్లు.

అమ్మాయి ఆ కాగితమును చూచి చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "అమ్మా, ఈ దేశమున చట్టప్రకారము కూలివానికి ఇయ్యవలసిన కనీసపు కూలి గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. 2009 నుండి పెంచలేదు. ఈ రాష్ట్రమున వేరుగ కూలిచట్టము లేదు. అదే అమలులో నున్నది. మా యిల్లు తుడుచుటకు వచ్చు ఆమెకు నేను గంటకు 25 ఇచ్చుచున్నాను" అనెను. నాకు ఆకాశమంటినట్లు తోచిన వెల, లెక్కలో కూలి గీతకు బెత్తెడు పైన మాత్రమే నిలిచినది!

"గంటలు లెక్కపెట్టుట అంతర్జాలమున అమ్మ మొదలిడిన పిదప నేర్చుకొంటిని" అని ఆ వృద్ధురాలు చెప్పెను. "మా అమ్మ లెక్కపెట్టలేదు. వంట అయిన తరువాత, చేను పని అయిన తరువాత కుట్టుకొన్నది పనియని యామె యెఱుగదు. దారిన పోవువారు అడిగిన, ఐదు డాలర్లకు ఇచ్చివేసెడిది. ఇచ్చి, వారికే కృతజ్ఞత చెప్పెడిది." కొంత తడవు ఊరకుండి, తీగపైని బొంతను చూపి, "ఇందులో నేను చేతులకు మాత్రమే వెల కట్టితిని. ఆ యెఱుపు ఆ చోటికి ఎందుకు వచ్చెనో, దానికి ఇంకను కట్టలేదు" అనెను.

ఈ వెల ఐదు నుండి ఇంతవరకు నడిచి వచ్చిన దారి చిన్నది కాదు. 1965 డిసెంబరులో ఫ్రాన్సిస్ వాల్టర్ అను క్రైస్తవ మతాచార్యుడు, పౌరహక్కుల పనిమీద ఈ ప్రాంతమున తిరుగుచు, తీగపై ఆరవేసిన బొంతలను చూచి ఆగెను. ఒక్కొక్కటి 10 డాలర్లకు కొని, న్యూయార్కునకు పంపి వేలము వేయించెను. 1966 మార్చిలో ఆ చుట్టుప్రక్కల స్త్రీలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అను సహకార సంఘమును స్థాపించుకొనిరి. ఎస్టెల్ విథర్‌స్పూన్ అను నామె బహుకాలము దాని నిర్వాహకురాలు. ఆ సంఘము కొంత నేల కొని కుట్టుశాల కట్టుటయే గాక, ఓటు నమోదు చేయించుకొన్నందులకు ఇల్లు వాకిలి పోగొట్టుకొన్న కుటుంబములకు అందులో స్థలము లమ్మెను. సూదితో ఇంతపని జరిగినది.

అయినను పెద్ద దుకాణములకు కావలసినది వేరు. పది బొంతలు అడిగిన పదియు ఒక్కతీరుగ, ఒక్క కొలతగ నుండవలెను. 'నా దారి' అచ్చట చెల్లదు. 1972లో సియర్స్ కంపెనీ చారల మకమలు వంటి కార్డురాయ్ గుడ్డతో దిండుగలీబులు కుట్టుటకు ఒప్పందమిచ్చినది. స్త్రీలు పగలు కంపెనీ కొలతల ప్రకారము గలీబులు కుట్టి జీతము తెచ్చుకొని, మిగిలిన తునుకలతో ఇంట తమ దారిన బొంతలు కుట్టుకొనిరి. ఆ తునుకల బొంతలే నేడు మ్యూజియములలో నున్నవి! జీతము తెచ్చినది ఒకటి, పేరు తెచ్చినది మరియొకటి. నేను ఆ సంఘమును తప్పుపట్టజాలను. నెలజీతము తన చేతికి వచ్చుట యేమో, అదిలేని యాడుదానికే తెలియును. 2012లో ఆ సంఘము మూతపడెను.

1998లో విలియం ఆర్నెట్ అను అట్లాంటా నగరపు కళావస్తు సంగ్రాహకుడు ఒక పుస్తకమున, కట్టెల పేర్పుపై పరచిన బొంత పటము చూచి, దానిని కుట్టిన ఆనీ మే యంగ్ అను నామెను వెదకుచు ఈ యూరికి వచ్చెను. వందలకొలది బొంతలను కొనెను. 2002లో అవి హ్యూస్టన్ లలితకళా మ్యూజియమునను, పిదప న్యూయార్కులోని విట్నీ మ్యూజియమునను ప్రదర్శింపబడగా, విమర్శకులు ఆశ్చర్యపడి ఇవి ఆధునిక చిత్రకళకు తీసిపోనివనిరి. 2006లో తపాలాశాఖవారు పది బొంతల పటములతో తపాలాబిళ్లలు వేసిరి. 2007లో ఆనీ మే యంగ్, లొరెట్టా పెట్‌వే మొదలగు ముగ్గురు స్త్రీలు తమకు రావలసిన పైకము రాలేదని ఆర్నెట్ మొదలగువారిపై వ్యాజ్యములు వేసిరి. ప్రతివాదులు ఆ యారోపణలను కాదనిరి. మరుసటి యేడు రాజీ జరిగినది. దాని షరతులు వెల్లడికాలేదు. ఎవరిది న్యాయమని తీర్పు చెప్పుటకు నేనెంతదానను? కాని ఒక్కటి తోచినది. బొంత గోడకెక్కిన తరువాత దాని వెల యెంతయో చెప్పగలవారు లోకమున పెక్కురుందురు. తీగపై నున్నప్పుడు చెప్పవలసినది కుట్టిన యామెయే.

2021 నుండి ఈ యూరి స్త్రీలు కొందరు రెండు సంస్థల సాయముతో ఎట్సీ యను అంతర్జాల సంతలో ఎవరి దుకాణము వారు తెరచుకొని, తమ వెల తామే నిర్ణయించుకొనుచున్నారు. చిన్నవి వందలలో, పెద్దవి వేలలో. మొదటిసారి వెల వ్రాయవలసి వచ్చినప్పుడు చేయి వణకినదని ఆ వృద్ధురాలు చెప్పెను. 300 అని వ్రాసి పెట్టగా, వారి మనుమడు చూచి, "అమ్మమ్మా, నీకు అక్షరము తప్పినదేమో, ఒక అంకె తగ్గినది" అనెనట.

మన నరసాపురపు లేసు నాకు జ్ఞాపకము వచ్చినది. గోదావరి లంకలలో వేలకొలది స్త్రీలు క్రోషియా సూదితో అల్లిన లేసు దేశదేశములకు పోయినది. మరియా మీస్ అను విదుషి ఆ యల్లికదారులను గురించి వ్రాసిన గ్రంథము 1982లో వెలువడెను. ఇంటిపని నడుమ తీరికవేళ అల్లుకొను పనియని పేరుపెట్టుటచేతనే ఆ స్త్రీలకు కూలి అంత హీనముగా నుండెనని ఆమె చూపెను. దినమునకు ఆరేడు గంటలు వంగి చేయు పనికి తీరిక యని పేరు!

ఇతరులను గురించి చెప్పుట యేల? నా సంగతి చెప్పెదను. 1980లో నా పెద్దబిడ్డ పుట్టబోవునప్పుడు మా అత్తవారి యూర ఒక ముసలామె మాకొక బొంత కుట్టినది. పండ్రెండు దినములు మా యరుగుపై కూర్చుండి కుట్టినది. 40 రూపాయలు అడిగినది. నేను బేరమాడి 25 రూపాయలకును, ఒక పాతచీరకును ఒప్పించితిని. అప్పుడు మా యూర నాట్లకు పోయిన స్త్రీకి దినమునకు మూడు, నాలుగు రూపాయలు కూలి. పండ్రెండు దినములు బురదలో నిలిచిన, ఆమెకు అంతకన్న ఎక్కువే వచ్చెడిది. మా అత్తగారు, "మా కోడలు గట్టిది" యని పొరుగింటివారితో చెప్పగా నేను మురిసిపోతిని. ఆ బొంతపై నా బిడ్డలిద్దరు పెరిగిరి; ఇప్పుడు నా ప్రక్కన కూర్చున్న యీ అమ్మాయి సైతము. ఆ ముసలామె పేరు నాకు తెలియదు. బొంతలమ్మి యని పిలిచెడివారము.

నాయొద్ద వేయి డాలర్లుండెను. తక్కిన 800 అమ్మాయి కలిపినది. వెల సంగతి అల్లునితో చెప్పవద్దని అనబోయి మానుకొంటిని. వృద్ధురాలు బొంతను మడచి యియ్యక, మరల వసారాలో కూర్చుండి, సూదిలో తెల్లదారమెక్కించి, అడుగు పొర మూలలో తన పేరును, సంవత్సరమును కుట్టినది. అందులకు ఇరువది నిమిషములు పట్టినది. ఆ పేరు కుట్టుచున్నంతసేపు మేమెవ్వరమును మాటాడలేదు. గాలి యెక్కువై ఆ సాయంకాలము పడవ నిలిపివేయగా, ఆ నలువది మైళ్ల చుట్టుదారినే తిరిగివచ్చితిమి.

ఇంటికి చేరిన వారమునకు మా తోడికోడలికి ఫోను చేసితిని. "ఆ బొంతలామె పేరేమిటే?" యంటిని. "ఇన్నాళ్లకు ఇదేమి ప్రశ్న అక్కయ్యా? ఆమె పోయి పాతికేండ్లయినది. మనుమరాలు జాకెట్లు కుట్టుచున్నది" అని, ఆ యమ్మాయి ఫోను నంబరు ఇచ్చినది. పేరు అట్లు తెలిసికొంటిని. పత్రికలో వేయవద్దని మనుమరాలు కోరినందున ఇచ్చట వ్రాయుట లేదు.

బొంతలు కుట్టుట నాయనమ్మ నేర్పినదట. ఇప్పుడు అడుగువారు లేరట. నాకొకటి కుట్టవలెను, ఏమి తీసికొందువని అడిగితిని. "మీకు తోచినది ఇయ్యండి అమ్మగారూ" అనెను. నాకు తోచునది వద్దు, నీవే చెప్పుమంటిని. నాలుగు దినములు జవాబు లేదు. ఐదవ దినమున 1,000 రూపాయలని చెప్పెను. ఎన్ని దినములు పట్టును? పండ్రెండు. జాకెట్లు కుట్టినచో దినమునకెంత మిగులును? నాలుగువందలు. అటులైన పండ్రెండు నాలుగువందలు ఎంతయని అడిగితిని. ఫోనులో నిశ్శబ్దము. "4,800... అంత యెవరిత్తురమ్మగారూ?" అనెను. నిజము చెప్పవలెనన్న, ఆ అంకె విని నాలోని ఆ గట్టి కోడలు ఒక్కమారు ఉలికిపడినది. సరే యంటిని.

మా అత్తగారి నేతచీరలు నాలుగు పెట్టెనుండి తీయించి పంపితిని. దారము తానే కొనునట. మూలన పేరు కూడ కుట్టుమంటిని. సిగ్గుపడి, మొదటి అక్షరము మాత్రము కుట్టెదననినది.